దండేనికి చోటెక్కడ?

చిన్న ఫ్లాట్‌కి ఏ వాషింగ్ మెషీన్ కొనాలో చెప్పే వ్యాసాలు ఈమధ్య ఒక ప్రత్యేక ప్రక్రియగా చెప్పుకోదగ్గంత పెరిగాయి. అన్నీ ఒకే మూస. ఇంట్లో ఎంతమంది? ఇద్దరైతే 6 కిలోలు, నలుగురైతే 7 లేదా 8. చోటెంత? కుళాయి ఎక్కడ? ఎంతలో కొనాలనుకుంటున్నారు? ఇన్ని ప్రశ్నలు వేసే వ్యాసం, ఆ మెషీన్ దగ్గర నిలబడేది ఎవరని మాత్రం అడగదు. అందరికీ తెలిసిన సంగతే కదా, అడగడమెందుకు అనుకుంటుంది కాబోలు. విమర్శకులం కథల్లో చెప్పనిదాన్ని వెతికినట్టే, ఈ కొనుగోలు సలహాల్లో అడగనిదాన్ని కూడా వెతకాలి.

మన స్త్రీవాద సాహిత్యం వంటింటిని క్షుణ్ణంగా చదివింది. విమల 'వంటిల్లు' వచ్చాక వంటగదిని పాత కళ్ళతో చూడలేకపోయాం. ఇంటిని అద్దంలా ఉంచే పనిలో పడి తన పేరే మర్చిపోయిన ఇల్లాలిని పి. సత్యవతి 'ఇల్లలకగానే'లో చూశాం. బట్టలపనికి అంత చోటు దక్కలేదనిపిస్తుంది. వంటకున్నట్టు దానికి ఒక గదంటూ లేదు. నిన్నటిదాకా పెరట్లో బండ, ఇవాళ బాత్రూమ్ మూల, బాల్కనీ. 'ఉతికి ఆరేయడం' అన్న మాటని మనం బట్టల గురించి కంటే పుస్తక సమీక్షల గురించే ఎక్కువ వాడతామేమో!

మరో కారణం కూడా ఉంది. అది చెప్పుకోవడానికి కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. ఊళ్ళల్లో పైకులాల ఇళ్ళ మూటలు మోసినవాళ్ళు, రేవులో బండకేసి బాదినవాళ్ళు చాకలి స్త్రీలు. పురిటిబట్టలు, మైలబట్టలు కూడా వాళ్ళ వంతే. ఆ ఇళ్ళలో వంట మన చాకిరీ అయితే, ఉతుకు వేరే ఆడవాళ్ళ చాకిరీ. తెలంగాణలో అది వెట్టి కూడా. కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. భూమి కోసం ఆమె చేసిన పోరాటాన్ని తలుచుకుంటున్నాం, సంతోషమే. కానీ ఆ పేరులో మొదటి మాట ఏ శ్రమని చెబుతోందో, ఆ శ్రమ చరిత్రని ఎంతమందిమి పాఠంగా చెబుతున్నాం?

ఇంటి బయటికి వెళ్ళే ఆ పనిని మెషీన్ ఇంట్లోకి తెచ్చింది. రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో రాసిన 'మోర్ వర్క్ ఫర్ మదర్'లో అమెరికా గురించి ఇదే చెప్పింది: పరికరాలు వచ్చాక ఇంటివాళ్ళు కాకుండా ఇతరులు చేసే పని కూడా తల్లి మీదికే వచ్చింది, శుభ్రత గురించిన ఆశలూ పెరిగాయి. దీనికి ఎదురుగా హాన్స్ రోస్లింగ్ 2010 ప్రసంగం ఉంది. మెషీన్ వల్ల తన తల్లికి లైబ్రరీకి వెళ్ళే తీరిక దొరికిందని ఆయన అన్నాడు. దుప్పట్లు చేత్తో పిండిన మణికట్టుకి ఆ మాటలో నిజం తెలుస్తుంది. కాబట్టి కోవన్‌ని చదివి మెషీన్‌నే తప్పుపట్టడం కడుపు నిండినవాళ్ళ విమర్శ అవుతుంది. అయితే దొరికిన ఆ తీరిక ఎటు పోతోంది? మన దేశంలో 2024 కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. పైగా ఆ 88 నిమిషాలు ఎంతో కొంత పని చేసే మగవాళ్ళ లెక్క. అసలు చేయనివాళ్ళు ఆ సగటులో లేరు.

అందుకని మెషీన్‌ని కిలోల్లో కాకుండా వేరే కొలతతో చూడాలంటాను. ఒక విడత బట్టలకి దాని దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళాలి?

సెమీ ఆటోమేటిక్ చవక. నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే ఇళ్ళలో బకెట్‌తో పోసుకోవచ్చు కాబట్టి చాలామందికి అదే దిక్కు. కానీ ఉతికే తొట్టిలోంచి తడిబట్టలు తీసి పిండే తొట్టిలో వెయ్యాలి, మళ్ళీ జాడించాలి, నీళ్ళు వదలాలి. ఆ గంటసేపూ ఆమె దాని చుట్టూనే తిరగాలి. పక్కపక్కన రెండు తొట్లు కనక వెడల్పు చోటు కూడా కావాలి. టాప్ లోడ్‌కి నడుం అంతగా వంచక్కర్లేదు, మర్చిపోయిన చొక్కా మధ్యలో వెయ్యొచ్చు. మూత పైకి లేవాలి గనక దానిమీద అర కట్టుకోవడం కష్టం. ఫ్రంట్ లోడ్ నీళ్ళు తక్కువ తాగుతుంది, గట్టు కింద ఇముడుతుంది. ముందు తలుపు తెరుచుకోవడానికీ, మనిషి వంగడానికీ మాత్రం జాగా ఉంచాలి. బోరునీళ్ళ సున్నం హీటర్ మీద పేరుకుంటుంది, అదొక బెడద. అయినా నిమిషానికి 1000 నుంచి 1400 చుట్లు తిప్పి పిండే రకాలున్నాయి. తడి ఎంత తగ్గితే దండెం అంత తొందరగా ఖాళీ అవుతుంది. రాసుకునే ఆడవాళ్ళకి కావలసింది ఎవరూ పిలవని ఒక గంట. అది రెండుసార్లు వెళితే చాలనే మెషీన్ దగ్గర దొరుకుతుంది, ఆరుసార్లు పిలిచే మెషీన్ దగ్గర దొరకదు.

2016లో ఏరియల్ ప్రకటన ఒకటి చాలామందిని కదిలించింది. కూతురి చాకిరీ చూసిన తండ్రి పశ్చాత్తాపపడి, ఇంటికెళ్ళి తన బట్టలు తనే మెషీన్‌లో వేస్తాడు. మంచిదే. ప్రకటన అక్కడితో ఆగుతుంది. తీసి, దులిపి, ఆరేసి, వాన పడితే పరిగెత్తి, మడతపెట్టి ఎవరి అరలో వాళ్ళవి సర్దడం దాంట్లోకి రాదు. బటన్ నొక్కడమే ఉతకడం అనుకుంటే, బియ్యం పొయ్యిమీద పెట్టడమే సంసారం అనుకోవాలి.

ఆరేసే చోటు కాగితాల్లోనూ అంతంతమాత్రమే. 2016 రియల్ ఎస్టేట్ చట్టం చెప్పే కార్పెట్ ఏరియా నిర్వచనంలో ఫ్లాట్‌కి చెందిన బాల్కనీ చేరదు. ఆమె రోజూ రెండుపూటలా పనిచేసే చోటు ఇంటి కొలతలోకే రాదన్నమాట! కొన్ని అపార్ట్‌మెంట్ల సంఘాలైతే ముందువైపు బట్టలు కనబడితే భవనం అందం చెడుతుందంటాయి. సరే, ఉతికి ఆరబెట్టేది కూడా ఒకే మెషీన్ కొందామంటే, సాధారణంగా అది ఉతికినంత ఒకేసారి ఆరబెట్టలేదు. గంటలు గంటలు తిరుగుతుంది, కరెంటూ ఎక్కువే. ఎండ పుష్కలంగా ఉన్న ఊళ్ళో దానికంటే తాడు లాగితే కిందికి దిగే సీలింగు కమ్మీలు నయం. వాటిని ఇంట్లో పొట్టివాళ్ళకి అందేలా పెట్టించుకోవాలి.

ఆ కమ్మీల మీద ఏది ఎక్కడ ఆరుతుందో కూడా చూడండి. నెలసరి గుడ్డలు మంచి ఎండలో ఆరాలని ఆరోగ్య కార్యకర్తలు చెబుతూనే ఉంటారు. అవి వెనక కమ్మీ మీద, తువ్వాలు కింద, గాలి కూడా సరిగా తగలని చోట ఆరుతుంటాయి. లోదుస్తులు చీర చాటున. ఎండ బాగా పడే ముందు కమ్మీ మీద మగవాళ్ళ బనీన్లు.