సైబీరియా మాట అలా ఉంచితే

తేలినీలాపురం చూసొచ్చినవాళ్లు ముందుగా చెప్పే మాట ఒకటే. అక్కడి పక్షులు సైబీరియా నుంచి వస్తాయట! పేపర్లూ ఏటా అదే రాస్తాయి. టెక్కలి మండలంలోని ఆ చిన్న ఊళ్లో చెట్ల మీద గూళ్లు కట్టేవి ముఖ్యంగా గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ అనే ఎర్రకాళ్ల కొంగలు. రెండింటికీ సైబీరియాతో ఏ చుట్టరికమూ లేదు, దక్షిణ, ఆగ్నేయాసియాల్లోనే పుట్టి పెరిగే జాతులవి. సైబీరియా పిట్టలు మన దగ్గర చలికాలం గడిపి, గుడ్లు పెట్టడానికి మళ్లీ ఉత్తరానికే పోతాయి. కొమ్మ మీద గూడు కనిపించాక ఇంక అనుమానమెందుకు?

ఊరివాళ్ల లెక్క ఇంతకంటే నయం. ఆడపిల్లలు పురిటికి పుట్టింటికి వచ్చినట్టే ఇవీ వస్తాయంటారు.

చెట్టు కింద కుదురుగా కూర్చునేవాళ్లకు ఇలాంటి సంగతులు వాటంతటవే తెలుస్తాయి. దూరాన ఆఫ్రికాలో అలా కూర్చున్న ఒకరి సంగతి చూడండి. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లోని జాంగా-న్డోకి నేషనల్ పార్కులో వాన అడవి ఎంత చిక్కనిదంటే, పక్కనే ఏనుగున్నా ఆకుల చాటున ఆనదు. ఆ అడవి మధ్యలో జాంగా బై అనే బయలు ఉంది. అక్కడి మట్టిలోని లవణాల కోసం ఏనుగులు బయటికి వస్తాయి. ఆండ్రియా టర్కలో అనే అమెరికన్ పరిశోధకురాలు 1990 నుంచి రెండు దశాబ్దాలకు పైగా ఆ బయలు అంచున మంచె మీద కూర్చుంది. చెవుల చిరుగులు, దంతాల తీరు చూసి దాదాపు 4,000 ఏనుగులను దేనికది గుర్తుపట్టింది. 2013లో తిరుగుబాటు వల్ల ఆమె అక్కడి నుంచి వచ్చేయాల్సి వచ్చింది. ఆ మే నెలలోనే వేటగాళ్లు ఆ బయలులో 26 ఏనుగులను చంపారు.

తేలినీలాపురంలో అంత కష్టమేమీ లేదు, గూళ్లు ఊరి చెట్ల మీదే. పొద్దున్నే ఒక్క చెట్టును ఎంచుకుంటే చాలు. గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి మేత లాక్కుంటుంది. కొంగ అలా కాదు, మింగి తెచ్చిన చేపల్ని గూట్లో కక్కుతుంది. ఎండ ముదిరితే రెక్కలు పరిచి పిల్లలకు నీడ పడుతుంది. గోలంతా పిల్లలదే, పెద్దవి దాదాపు మూగవి. ఆదివారం పూట కారు దిగి నాలుగు ఫొటోలు తీసుకుని పోయేవాళ్లకు ఇందులో సగం కూడా దొరకదు.

2021 చివర్లో, 2022 మొదట్లో ఇక్కడ గూడబాతులు పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. తిన్న చేపలతో కడుపులో చేరిన నెమటోడ్ పురుగులే కారణమని అధికారులు చెప్పారు. అంటే కాపాడాల్సింది గూళ్లున్న చెట్లనే కాదు, ఈ పక్షులు చేపలు పట్టే చెరువుల్ని కూడా. ఊళ్లోని గూళ్లకున్నట్టు ఆ చెరువులకు సంరక్షణ కేంద్రమనే పేరు లేదు.

వెళ్లాలనుకునేవాళ్లు డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్తే పిల్లల్ని చూడొచ్చు. గొడుగు మరిచిపోవద్దు. వాన కోసం కాదు, పైనుంచి రెట్ట పడుతుంది.