పెనిసిలిన్ పాఠంలో లోపించిన అధ్యాయం

పెనిసిలిన్ కథ విద్యార్థులకు సుపరిచితమే. 1928లో లండన్ నగరంలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గాజుపళ్లెంలో బూజు పడటం, దాని చుట్టూ సూక్ష్మజీవులు నశించటం, ఆయన నిశితదృష్టి: సాధారణంగా పాఠం ఇంతటితో ముగుస్తుంది. ఆ పిమ్మట "పెద్ద ఎత్తున తయారుచేశారు" అన్న ఒక్క వాక్యంతో సరిపెడతారు. పాఠంలోని ముఖ్యలోపం ఆ వాక్యమే. కనిపెట్టటానికీ, పదిమందికీ అందించటానికీ మధ్యగల అగాధాన్ని అది కప్పిపుచ్చుతున్నది.

ఆ అగాధం లోతెంతో ఒక రోగి చరిత్ర చెబుతుంది. 1941 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు కానిస్టేబులుకు ఈ మందు ఇచ్చారు. జ్వరం తగ్గింది; ఆకలి పుట్టింది. అయిదు రోజులకు మందు అయిపోయింది. అతని మూత్రంనుంచి తిరిగి తీసి ఇచ్చినా చాలలేదు. మార్చి 15న అతడు మరణించాడు. మందు పనిచేయక కాదు, చాలక. ఆనాడు నార్మన్ హీట్లీ వందలకొద్దీ పింగాణీపాత్రలలో, పలుచని ద్రవంమీద బూజును పెంచుతున్నాడు.

పాత్రను పెద్దది చేస్తే సరిపోదా? సరిపోదు. కారణం ఉన్నత పాఠశాల గణితంలోనే ఉన్నది. పాత్ర పొడవు, వెడల్పు, ఎత్తులను పదేసి రెట్లు పెంచితే ఘనపరిమాణం 1000 రెట్లవుతుంది. ఉపరితలం 100 రెట్లే అవుతుంది. అంటే లీటరుకు దక్కే ఉపరితలం పదోవంతుకు తగ్గుతుంది. గిన్నెలో పాలు త్వరగా చల్లారుతాయి. పెళ్లివారి గుండిగలో పాలు తోడువేయటానికి ఎంతోసేపు ఆగవలసివస్తుంది. పులిసే ద్రవంలో సూక్ష్మజీవులే వేడిని పుట్టిస్తూ ఉంటాయి గనుక చిక్కు మరింత ఎక్కువ.

ఆమ్లజని, అంటే ఆక్సిజన్, సంగతీ అంతే. 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద గాలి సోకిన లీటరు నీటిలో కరిగి ఉండేది సుమారు 7.5 మిల్లీగ్రాములే. వేగంగా పెరిగే బాక్టీరియా దట్టంగా ఉంటే పది పదిహేను సెకండ్లలోనే దానిని హరించగలవు. అందుచేతనే లోతైన తొట్లలోనికి శుద్ధిచేసిన గాలిని అడుగునుంచి పంపి, చిలుకుతూ ఉండాలి. 1944 మార్చి 1న బ్రూక్లిన్‌లో ఫైజర్ సంస్థ ప్రారంభించిన కర్మాగారంలో అటువంటి తొట్లు 14. ఒక్కొక్కటి 7,500 గ్యాలన్లు, అనగా సుమారు 28,000 లీటర్లు.

నేడు పెద్దతొట్టి కట్టబోయేముందు చిన్నపాత్రలలో పరీక్షలు జరుపుతారు. మాటిమాటికీ నమూనా తీస్తే చిన్నపాత్ర ఖాళీ అవుతుంది; అన్యజీవులు చొరబడే ప్రమాదమూ ఉంది. కనుక ద్రవాన్ని సన్నని గొట్టంగుండా పంపుతో నడిపి, మాపకాలుగల చిన్న అరలో ఆమ్లజనినీ, ఆమ్లత్వాన్నీ, చిక్కదనాన్నీ కొలిచి, తిరిగి పాత్రలోనికే చేరుస్తారు. ఇది తెలివైన పద్ధతి. చుక్క వృథా కాదు.

అయినా దీనిని గుడ్డిగా మెచ్చుకోరాదు. గొట్టంలో కొత్తగాలి ఉండదు. జీవులు మాత్రం శ్వాసిస్తూనే ఉంటాయి. ద్రవం మాపకాన్ని చేరటానికి పదిహేను సెకండ్లు పడితే, పాత్రలో చాలినంత ఆమ్లజని ఉన్నా మాపకం సున్న చూపవచ్చు. గాలిబుడగలు వెలుతురుకు అడ్డువచ్చి, జీవులు ఎక్కువైనట్లు భ్రమింపజేయవచ్చు. గొట్టాన్ని పొట్టిచేసి, ప్రవాహాన్ని వేగిరపరచి, బుడగలను తొలగించాలి. అంతకంటె ముఖ్యమైనది మరొకటున్నది. చిన్నపాత్ర క్షణాలలో కలిసిపోతుంది. పెద్దతొట్టి కలియటానికి నిమిషమో, అంతకు మించియో పట్టవచ్చు. అక్కడ ఒక మూల కొలత తొట్టి అంతటికీ సాక్ష్యం కానేరదు.

ఈ విషయాలు హైస్కూలు విద్యార్థికి మించినవి కావు. ఉపాధ్యాయులు ఫ్లెమింగ్ పళ్లెంతోపాటు హీట్లీ పాత్రలనూ, బ్రూక్లిన్ తొట్లనూ పాఠంలో చేర్చి, ఉపరితలం లెక్కను పిల్లలచేతనే చేయించాలి. ఆ కానిస్టేబులు ఎందుకు బ్రతకలేదో అప్పుడు వారికి బోధపడుతుంది.