కూటి లెక్క, పద్యం లెక్క

ఉద్యోగం రచయితని చంపేస్తుందని సాహిత్య సభల్లో పెద్దలు అంటుంటారు. వెనకాల పొలాలున్నోళ్ళ మాట అది.

కాళిదాసు యక్షుడు కుబేరుడి కొలువులో ఉద్యోగే. పనిలో ఏమరుపాటుకి ఏడాది శిక్ష పడింది. ఆ ఏడాది విరహమే 'మేఘసందేశం'. 1941లో జాషువా 'గబ్బిలం'లో యక్షుడి చోట అంటరానివాణ్ణి నిలబెట్టాడు. వీడు ఏ తప్పూ చెయ్యలేదు, శిక్షకి గడువూ లేదు. వీడిది ఆకలి బాధ. అందుకే కబురు ప్రియురాలికి పోలేదు, కాశీలో శివుడికి పోయింది. ఈ తేడా అలంకారశాస్త్రానికి అందదు. కూటి లెక్క తెలిసినోడికే అందుతుంది.

జాషువాకి ఆ లెక్క తెలుసు. రాజమండ్రిలో మూకీ సినిమాలకి కథ చెప్పాడు. గుంటూరులో పంతులుగా చేశాడు. 1957 నుంచి 59 దాకా మద్రాసు రేడియోలో పనిచేశాడు. కొలువు ఆయన పద్యాన్ని మింగలేదు, మోసింది.

నేనూ సర్కారు బడి పంతుల్నే. ఫస్టు తారీఖు జీతమే మా అమ్మ కూలి మాన్పించింది, నాకు కాగితం కొనిపెట్టింది. నిజమే, ఆ జీతమే ప్రవర్తనా నియమాల పేరుతో కలానికి కళ్ళెమూ వేస్తుంది. ఆ కళ్ళెంతో కొట్లాడదాం. కొలువు వదలమనే విమర్శకుడు మాత్రం ముందు మనకి ఎకరం చేను చూపించాలి. అందాకా బడి వదిలినాకే రాస్తాం. రాయడం మాత్రం మానం.