మేనేజర్ ప్రేమలో పడితే

యాభై దాటి, ఇంట్లో భార్య ఉన్న మేనేజర్ తన కింద పనిచేసే ముప్ఫై మూడేళ్ల హరుతాతో నువ్వంటే ప్రేమ అని చెప్పేస్తాడు. ఆ షాక్ నుంచి తేరుకునేలోపే, ఒకే ఇంట్లో ఉంటున్న జూనియర్ మాకి కూడా అదే మాట అంటాడు. హరుతా చూస్తే ఇంటిపని రాని, అమ్మాయిలెవరూ పట్టించుకోని మనిషి. అలాంటివాడి కోసం ఇద్దరు మగాళ్లు పోటీ పడతారు. 2018లో జపాన్‌లోని టీవీ అసాహిలో వచ్చిన ‘ఒస్సాన్స్ లవ్’ కథ ఇది. ఏడే ఎపిసోడ్లు. మరుసటి ఏడు సినిమా తీశారు, 2021లో హాంకాంగ్ వాళ్లు తమ భాషలో మళ్లీ తీసుకున్నారు.

ఇదే మాదాపూర్‌లో జరిగితే మొదటి ఎపిసోడ్ సగంలోనే హెచ్‌ఆర్ నుంచి మీటింగ్ ఇన్వైట్ వస్తుంది. అక్కడా ఒక తమాషా ఉంది. పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 నాటి పోష్ చట్టం కింద ఫిర్యాదు చేసే హక్కు మహిళలకే. కంపెనీ తన పాలసీలో వేరేగా రాసుకుంటే తప్ప మన హరుతా గోడు వినే కమిటీ లేదు. తలాతోకా లేని హాస్యం రాయాలనుకునేవాళ్లకి సగం పని చట్టాలే చేసిపెడతాయి.

ఇలా మగాళ్ల మధ్య ప్రేమ చూపించే బాయ్స్ లవ్ సీరియళ్లని, అభిమానుల భాషలో బీఎల్‌ని, నాకు అలవాటు చేసింది మా టీమ్‌లోని ఆడపిల్లలు. రాయదుర్గం మెట్రోలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వాళ్లలో వాళ్లే నవ్వుకుంటుంటే ఆరా తీశాను. నేను చూసేది మాత్రం ప్రేమ కోసం కాదు, పని కోసం. మా ఆఫీసులో యాన్యువల్ డే స్కిట్లు రాసే బాధ్యత చాలాకాలంగా నా నెత్తినే ఉంది. శిల్పకళావేదికలో వేసినా, కెఫెటేరియాలో కుర్చీలు జరిపి వేసినా, మొదటి మీటింగ్‌లో వినపడే మాట మారదు: “అక్కా, మనోడికి చీర కట్టిద్దాం. స్టేజీ ఎక్కగానే పడీ పడీ నవ్వుతారు.”

నవ్వుతారు, నిజమే. రెండో నిమిషానికి ఆ నవ్వు అయిపోతుంది. తర్వాత ఏం చెయ్యాలో తెలియక మనోడు నడుం తిప్పుతాడు, గొంతు సన్నం చేస్తాడు. 2013లో ఈటీవీలో మొదలైన జబర్దస్త్‌లో లేడీ గెటప్పులు వేసినవాళ్లలో మంచి నటులున్నారు. కానీ పంచ్ దాదాపు ఎప్పుడూ వాళ్ల మీదే పడుతుంది.

మనకి ఇంకో దారి తెలియక కాదు. కూచిపూడి భామాకలాపంలో వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా వస్తే ఎవరూ ఆ చీర చూసి నవ్వలేదు. నవ్వు పుట్టేది మాధవి దగ్గర. సత్యభామ ముందు చెలికత్తె మాధవి, కృష్ణుడి ముందు అదే మనిషి స్నేహితుడు మాధవుడు. ఎప్పుడు మారాడు, ఎలా మారాడు అని ఎవరూ అడగరు. 1993లో ఈవీవీ ‘జంబలకిడి పంబ’లో ఆడామగా తీరులన్నీ తారుమారు చేశారు. మగాళ్లు ఇంటిచాకిరీలో పడి, ఆడవాళ్లు దర్జాగా తిరిగినంతసేపూ నవ్వు కట్టుబాటు మీద పడుతుంది. మగాడి వయ్యారం చూపించి నవ్వించబోయినప్పుడు మనిషి మీదికి జారిపోతుంది. ఒకే సినిమాలో రెండు రకాల నవ్వూ ఉంది. స్కిట్ రాసేవాళ్లకి ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

నవ్వు మనిషి మీదికి జారకుండా చూసే పట్టుని జపాన్ వాళ్లు వదలరు. లోకాన్ని ఎంత పిచ్చిగా కల్పించినా అందులోని మనిషిని మామూలుగానే ఉంచుతారు. 2020లో టీవీ టోక్యోలో వచ్చిన ‘చెర్రీ మ్యాజిక్’ చూడండి. ముప్ఫయ్యో ఏడు వచ్చేదాకా బ్రహ్మచారిగా ఉండిపోయిన అదాచికి ఒక శక్తి వస్తుంది: ఎవరిని తాకితే వాళ్ల మనసులో మాట వినపడుతుంది. స్టేషనరీ కంపెనీ లిఫ్ట్‌లో జనం తోసుకుంటుంటే పక్కనున్న కురోసావాకి ఆనుకుంటాడు. ఆఫీసులో అందరూ మెచ్చే సేల్స్ హీరో కురోసావా. మొహంలో గీత కూడా కదలదు, లోపల మాత్రం అదాచి జుట్టు లేచి ఉందని మురిసిపోతుంటాడు. (ఒస్సాన్స్ లవ్ మేనేజర్ పేరు కూడా కురోసావాయే. ఆ పేరు పెట్టుకున్నవాళ్లకి ఆఫీసు ప్రేమ తప్పదేమో.)

ఉదయం పదింటికి మైండ్‌స్పేస్‌లో ఏ లిఫ్టైనా ఎక్కి ఈ శక్తి ఊహించుకోండి. స్టాండప్‌కి లేటైంది, ఈసారి హైక్ ఎంతిస్తారో, వీడు డియో ఎందుకు కొట్టుకోలేదు... ఇన్నిటి మధ్య ఒక్క గొంతు నీ గురించే తపించిపోతుంటే? మంత్రం ఒక్కటే, దానికి నియమం ఒక్కటే. దాన్ని 12 ఎపిసోడ్లు తప్పకుండా పాటించారు. అడక్కుండా ఒకరి మనసు వింటున్నానన్న బెంగ అదాచిని చివరికి ఏడిపిస్తుంది కూడా. నవ్వించిన నియమంతోనే ఏడిపించడం మాటలు కాదు.

ఇంకొకటి 2021లో వచ్చింది, ‘ఎ మ్యాన్ హూ డిఫైస్ ద వరల్డ్ ఆఫ్ బీఎల్’. తానున్నది బీఎల్ లోకమని హీరోకి తెలిసిపోతుంది. ఇక బతుకంతా ఎవరి కంటా పడకుండా గుంపులో గోవిందయ్యలా ఉండటానికే సరిపోతుంది. థాయ్ వాళ్లది వేరే గోల. 2016 నాటి ‘సోటస్’ దగ్గర్నుంచీ వాళ్ల హీరోలు ఎక్కువగా ఇంజినీరింగ్ కుర్రాళ్లే. గండిపేట సీబీఐటీలో తీసిన ‘హ్యాపీ డేస్’ చూసినవాళ్లకి సోటస్‌లోని సీనియర్ల జులుం కొత్తేమీ కాదు. నాకు మాత్రం అందులో ర్యాగింగ్ ప్రేమగా మారడం నచ్చలేదు.

మన దగ్గర సరుకు ఇంకా బాగుంది. కొండాపూర్, గచ్చిబౌలిలో బ్యాచిలర్లకి ఇల్లిచ్చే ఓనర్ ఆంటీ తప్పకుండా పెట్టే షరతు, అమ్మాయిలు రాకూడదు. నా నోట్‌బుక్‌లో ఉన్న స్కిట్ ఇది: ఇద్దరబ్బాయిలు ఆ షరతుని అక్షరాలా పాటిస్తారు. ఏళ్లు గడుస్తాయి. ఆంటీ పొంగిపోయి, కొత్తగా దిగినవాళ్లందరికీ వీళ్లనే చూపిస్తుంది: “చూసి నేర్చుకోండి నాయనా, ఒక్క ఆడపిల్ల గడప తొక్కలేదు.” అంత బుద్ధిమంతులని చెప్పి ఇద్దరికీ సంబంధాలు కూడా తెస్తుంది. ఆంటీ అమాయకురాలు కాదు, చెడ్డదీ కాదు. తన నియమాన్ని పూర్తిగా నమ్మిన మనిషి. ఆ అబ్బాయిలు మామూలుగా గిన్నెలెవరు తోమాలని తగువులాడుకుంటారు, అంతే.

స్కిట్ ఆఖర్లో ఆఫీసు ఇన్సూరెన్స్ ఫారం వస్తుంది. అందులో ‘సంబంధం’ అనే గడి. అక్కడ నవ్వు ఆగాలని నా ఉద్దేశం. హైదరాబాద్‌కి చెందిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబర్‌లో బంధుమిత్రుల మధ్య వేడుక చేసుకున్నారు. ఆ బంధాన్ని పెళ్లిగా గుర్తించమని సుప్రీంకోర్టుకెళ్లారు. 2023 అక్టోబర్ 17న కోర్టు కుదరదంది. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

ఈ ఏడాది స్కిట్‌కి నా ఓటు ఓనర్ ఆంటీకే. ఆ వేషం మగాడు వేసినా అభ్యంతరం లేదు, నడుం తిప్పనంతవరకూ. మీ ఆఫీసులో రాసే పని మీదైతే ముందు చెర్రీ మ్యాజిక్ చూడండి. ఒక్కో ఎపిసోడ్ అరగంట లోపే, ఒక వారాంతం చాలు.