ఒక్క వచనం వెనుక 150 కీర్తనలు

క్రైస్తవ గ్రంథపఠనం వ్యక్తిగత అలవాటుగా నిలవాలంటే ముందుగా ఉత్సాహం కావాలన్నది సాధారణంగా వినిపించే మాట. కానీ ఆ అలవాటును శతాబ్దాల పాటు నిలబెట్టిన సంప్రదాయాలను పరిశీలిస్తే, వాటిలో ఉత్సాహానికి దక్కిన చోటు స్వల్పమనీ, ముందే ఖాయమైన వేళకూ ముందే ఖాయమైన భాగానికీ దక్కిన చోటు చాలా పెద్దదనీ తెలుస్తుంది. అలాంటి వాటిలో ప్రాచీనమైనది లాటిన్‌లో ‘లెక్తియో దివీనా’ అనే పేరుతో వ్యవహరించే పద్ధతి. దివ్య పఠనం అనదగిన ఈ పద్ధతిలో పాఠకుడు సమాచారం కోసం గాక, తనతో మాట్లాడుతున్న దేవుని మాటను వినడం కోసం, ఆ మాటకు ప్రార్థనతో బదులివ్వడం కోసం గ్రంథాన్ని నెమ్మదిగా చదువుతాడు.

6వ శతాబ్దంలో ఇటలీలోని మోంతే కస్సీనో మఠానికి పెద్దగా ఉన్న బెనెడిక్ట్ తన సన్యాసుల కోసం రాసిన నియమావళిలోని 48వ అధ్యాయం పఠనాన్ని చేతిపనితో సమానంగా దినచర్యలో చేర్చింది. ఈస్టర్ నుంచి అక్టోబర్ మొదటి తేదీ వరకు పగటి నాలుగో గంట మొదలుకొని ఆరో గంట దాకా, అంటే సూర్యోదయం నుంచి గంటలు లెక్కించే ఆనాటి పద్ధతిలో సుమారు పది గంటల నుంచి మధ్యాహ్నం దాకా, సన్యాసులు చదువుకోవాలి. ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాల ఆరంభంలో ప్రతి ఒక్కరికీ ఒక పుస్తకం ఇస్తారు. దానిని మొదటి నుంచి వరుసగా, ఏ భాగమూ వదలకుండా చదవాలి. ఆ వేళలో ఎవరైనా పుస్తకం పక్కన పెట్టి ఊసులాడుతున్నారేమో చూడడానికి ఒకరిద్దరు పెద్దలు మఠమంతా తిరగాలని కూడా నియమం ఉంది. సన్యాసులకే ఇంత కాపలా అవసరమైందంటే, ఉద్యోగం, వంట, పిల్లల బడి మధ్య బైబిలు తెరవలేకపోతున్న గృహస్థు తనను తాను మరీ నిందించుకోనక్కర లేదు.

మధ్యాహ్న విశ్రాంతి సమయంలో చదువుకోదలచినవారు పక్కవారికి ఇబ్బంది కలగకుండా చదువుకోవాలని అదే అధ్యాయం చెబుతుంది. ఆ రోజుల్లో చదవడమంటే చాలావరకు పైకి చదవడమే గనుక ఆ హెచ్చరిక అవసరమైంది. పెదవులు కదిలి, చెవి విని, మాట శరీరంలోకి దిగే ఈ చదువులో వేగానికి దానంతట అదే హద్దు ఏర్పడుతుంది. కన్ను జారిపోయే చోట నాలుక జారిపోలేదు కాబట్టి, నేటి పాఠకుడు సైతం ఒక సువార్త భాగాన్ని మౌనంగా ఒకసారి, స్వరంతో ఒకసారి చదివి చూస్తే మొదటిసారి కనబడని సంబంధాలు రెండోసారి పట్టుబడతాయి.

ఈ పద్ధతికి స్పష్టమైన రూపం ఇచ్చినవాడు 12వ శతాబ్దంలో ఫ్రాన్సులోని ఆల్ప్స్ పర్వతాల మధ్య గ్రాండ్ షార్ట్రూజ్ మఠానికి అధిపతిగా పనిచేసిన రెండో గీగో. ఆయన ‘సన్యాసుల నిచ్చెన’గా పేరుపొందిన చిన్న లేఖలో నాలుగు మెట్లను వివరించాడు: వాక్యాన్ని శ్రద్ధగా చదివే పఠనం, దాని లోపలి అర్థాన్ని బుద్ధితో వెతికే ధ్యానం, వెతికినది తన శక్తికి అందదని గ్రహించి దేవుణ్ణి వేడుకునే ప్రార్థన, వేడుకున్న తర్వాత మనసు దేవునిలో నిలిచి ఆనందించే దర్శనం. ఆయన ఎంచుకున్న పోలిక భోజనం: పఠనం ఆహారాన్ని నోటికి అందిస్తుంది, ధ్యానం దానిని నమలుతుంది, ప్రార్థన రుచిని రాబడుతుంది, దర్శనమే ఆ మాధుర్యం. ధ్యానం లేని పఠనం ఎండిపోతుందనీ, పఠనం లేని ధ్యానం దారి తప్పుతుందనీ ఆయన చేసిన హెచ్చరిక ఈ నాలుగు మెట్లలో దేనినీ విడిగా తీసుకోనివ్వదు.

గీగో తన పద్ధతిని చూపించడానికి మత్తయి సువార్త 5వ అధ్యాయంలో హృదయశుద్ధి గలవారిని గురించి యేసు చెప్పిన చిన్న వాక్యాన్ని తీసుకున్నాడు. శుద్ధి దేహానికి గాక హృదయానికి ఎందుకు చెప్పబడిందని ఆలోచన మొదలవుతుంది. వెంటనే నిర్మలమైన చేతులనూ హృదయాన్నీ గురించిన కీర్తన గుర్తుకు వస్తుంది. శుద్ధహృదయాన్ని సృష్టించమని వేడుకునే 51వ కీర్తన దానికి తోడవుతుంది. తన కన్నులతో ఒప్పందం చేసుకున్న యోబు మాట ఆ తర్వాత వస్తుంది. ఈ పద్ధతిని నేటి పాఠకులకు పరిచయం చేసే పుస్తకాలు నాలుగు మెట్ల పేర్లు చెప్పి ఊరుకుంటాయి గానీ, అసలు పనితనం ఈ గుర్తుకు రావడంలోనే ఉంది. గీగో ఈ భాగాలను వెతికి తెచ్చుకోలేదు. బెనెడిక్ట్ నియమావళి ప్రకారం సన్యాసులు 150 కీర్తనలనూ వారానికి ఒకసారి పూర్తిగా పాడాలి. అలాంటి ఆరాధనలో సంవత్సరాలు గడిపినవాడికి ఒక వాక్యం తగిలితే పది వాక్యాలు పలుకుతాయి. ఒక్క వచనం మీద నిలిచే నెమ్మది చదువు వెనుక గ్రంథమంతటినీ చుట్టివచ్చిన విస్తారమైన చదువు ఉందన్నమాట. రెండోది లేకుండా మొదటిదాన్ని మాత్రమే అరువు తెచ్చుకున్నవారికి ధ్యానంలో ఎదురయ్యేది చాలాసార్లు తమ సొంత మనోభావాలే.

విడి వచనాల మోజు ఈ ప్రమాదాన్ని పెంచింది. నేడు వాడుకలో ఉన్న అధ్యాయాల విభజన 13వ శతాబ్దపు ఆరంభంలో స్టీఫెన్ లాంగ్టన్ పేరుతో స్థిరపడినది. కొత్త నిబంధనకు నేటి వచన సంఖ్యలు 1551లో రోబేర్ ఎత్యెన్ ముద్రణతో వచ్చాయి. వెతుక్కోవడానికి ఎంతో ఉపకరించే ఈ అంకెలే వాక్యాన్ని చోటు నుంచి పెరికి తీయడాన్నీ సులువు చేశాయి. తెలుగు సంఘాలలో డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏటికి వాగ్దాన వచనం కార్డుగా అందుకోవడం ప్రియమైన ఆచారం. అటువంటి కార్డుల మీద తరచూ కనిపించే యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం సమాధానకరమైన భవిష్యత్తును వాగ్దానం చేస్తుంది. దానికి ముందున్న 10వ వచనం మాత్రం బబులోను చెరలో ఉన్నవారికి డెబ్బై సంవత్సరాల నిరీక్షణను విధిస్తుంది; యిర్మీయా వారికి పంపిన ఈ లేఖ చేతికందిన పెద్దలలో అనేకులు విడుదలను కళ్లారా చూసి ఉండరు. కార్డును గోడకు తగిలించుకోవడంలో తప్పు లేదు గానీ, ఆ లేఖను మొదటి నుంచి చదివినవారికి ఆ వాగ్దానం మరింత కఠినంగానూ, మరింత లోతుగానూ వినిపిస్తుంది.

విస్తారమైన చదువును మఠం బయట ఉన్న కుటుంబాలకు అందించిన ప్రయత్నాలలో స్కాట్లాండ్‌లోని డండీ నగరంలో సెయింట్ పీటర్స్ సంఘ కాపరి రాబర్ట్ ముర్రే మెక్‌షేన్ 1842 చివర తన సంఘం కోసం తయారుచేసిన పట్టిక ప్రసిద్ధమైనది. రోజుకు సుమారు నాలుగు అధ్యాయాల చొప్పున ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు పూర్తవుతాయి. జనవరి 1న ఆదికాండము, మత్తయి, ఎజ్రా, అపొస్తలుల కార్యములు నాలుగింటిలోనూ మొదటి అధ్యాయాలు వస్తాయి గనుక, సృష్టి ఆరంభం, క్రీస్తు జననం, చెర నుంచి తిరిగి రావడం, సంఘ చరిత్ర ఆరంభం ఒకే రోజు పక్కపక్కన నిలుస్తాయి. ఆదికాండముతో మొదలుపెట్టి లేవీయకాండములో బలుల వివరాల దగ్గర ఆగిపోయే వారికి ఈ అమరికలో ఒక ఊరట ఉంది: కఠినమైన అధ్యాయం వచ్చిన రోజున కూడా దాని పక్కన వేరే గ్రంథాల భాగాలు ఉంటాయి.

మెక్‌షేన్‌ను ప్రశంసించవలసింది పట్టిక కన్నా దానికి జోడించిన హెచ్చరికల కోసం. చదువు ఆచారమాత్రంగా మారవచ్చనీ, భాగం పూర్తి చేశామన్న స్వనీతి పెరగవచ్చనీ, వేగంలో అజాగ్రత్త చోటుచేసుకోవచ్చనీ, కొందరికి ఇది మోయలేని కాడి కావచ్చనీ ఆయన స్వయంగా రాశాడు. ఆయనే ఒప్పుకొన్న ఈ బలహీనతలకు మందు గీగో దగ్గర ఉంది. గీగో పద్ధతికి నేల మెక్‌షేన్ పట్టికలో ఉంది. మఠపు గంట మోగని ఇంట్లో ఈ రెంటినీ కలుపుకోదలచినవారు నాలుగు అధ్యాయాలను రెండుకు తగ్గించి, వాటిని ఆగకుండా చదివి, ఆగి నిలవడానికి పది పన్నెండు వచనాలను మాత్రం ఎంచుకుని, ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడుతున్నారో తెలుసుకున్న తర్వాతే అది తమకేమి చెబుతుందో అడగడం మేలు. తప్పిపోయిన రోజుల బాకీ తీర్చే ప్రయత్నం మరిన్ని రోజులు తప్పిపోవడానికే దారితీస్తుంది కాబట్టి, వదిలిన భాగాన్ని వదిలి నాటి తేదీ నుంచే కొనసాగించడం ఉత్తమం.

మెక్‌షేన్ 1843 మార్చిలో 29 ఏళ్ల వయసులో మరణించాడు. పట్టిక అప్పటికి మూడు నెలలైనా నడవలేదు. ఆయన ప్రతి రోజు భాగాన్ని రెండుగా విభజించి, రెండు అధ్యాయాలను ఏకాంతానికీ, రెండింటిని కుటుంబానికీ కేటాయించాడు. తలుపు వేసుకుని చదివే చదువు ఇంటివారి మధ్య మాటగా మారాలనీ, సంఘమంతా ఒకే రోజు ఒకే భాగాన్ని చదవడం వల్ల ఇద్దరు మిత్రులు కలిసినప్పుడు ఆనాటి అధ్యాయం వారికి ఉమ్మడి విషయం కావాలనీ ఆయన ఉద్దేశం. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఒక్కొక్కరు ఒక్కో వచనం చొప్పున వంతులవారీగా పైకి చదివే తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఈ ఏర్పాటులో సగాన్ని ఇప్పటికే పాటిస్తున్నాయి. ఆ చదువుకు ముందుగా ఖాయమైన వరుస ఒకటి తోడైతే, మిగిలిన సగం తెల్లవారుజామున ఒంటరిగా కూర్చునే వారి వంతు.