వెలుగుతున్నప్పుడే దొరికే లోపం

నంద్యాల నుంచి మహానందికి వచ్చే దారిలో గాని, గాజులపల్లె దాటి నల్లమల ఎక్కి గిద్దలూరు వైపు దిగే ఘాట్ రోడ్డులో గాని, పొద్దుగూకిన తర్వాత తిరిగే పాత కారుకు హెడ్‌లైటు మసకబారితే, ఆ ముప్పు బండి నడిపేవారి కంటే ముందుగా రోడ్డంచున నడిచే మనిషిని తాకుతుంది. కార్తిక మాసంలో నవనందుల దర్శనానికి తిరిగే యాత్రికులు, శివరాత్రికి కాలినడకన వచ్చే భక్తులు, అరటి తోటల్లో పని ముగించుకుని చీకటి పడ్డాక ఇళ్లకు మళ్లే కూలీలు ఈ దారులను కార్లతో పంచుకుంటారు. అందువల్ల పాత కారు దీపంలోని లోపాన్ని వెదికి పట్టుకునే పనిని చిల్లర మరమ్మతుగా తీసివేయడానికి వీల్లేదు. అది క్రమమూ ఓర్పూ కోరే విద్య, దానికి దక్కవలసిన గౌరవం ఇంకా దక్కలేదు.

1950ల చివర మొదలై 2014 దాకా తయారైన అంబాసిడర్, 1983 డిసెంబరులో రోడ్డెక్కి 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన మారుతి 800 వంటి బండ్లలో హెడ్‌లైటును ఏ కంప్యూటరూ నియంత్రించదు కాబట్టి, లోపం ఎక్కడుందో చెప్పే యంత్రమూ ఉండదు. కరెంటు నడిచే దారిని మనసులో గీసుకుని, ఒక్కొక్క మజిలీని అడుగుతూ పోవలసిందే. బ్యాటరీ ధనధ్రువం దగ్గర బయల్దేరిన కరెంటు ఫ్యూజును, లైటు స్విచ్చును, దూరపు వెలుగునూ దగ్గరి వెలుగునూ మార్చే డిప్పర్ స్విచ్చును దాటి, కప్లర్ అనే ప్లాస్టిక్ జోడింపు గుండా బల్బులోకి చేరి, అక్కడి నుంచి తీగ వెంట కారు ఇనుప ఒంటికి, ఆ ఒంటి ద్వారా బ్యాటరీ రుణధ్రువానికి తిరిగి వస్తుంది. ఇలా రెండో తీగకు బదులు కారు శరీరాన్నే తిరుగుదారిగా వాడుకోవడాన్ని బాడీ ఎర్త్ అంటారు. జపాను మూలం ఉన్న కొన్ని కార్లలో స్విచ్చు ధన వైపున గాక ఎర్త్ వైపున ఉంటుంది కనుక, చేతిలో ఉన్న బండి ఏ పద్ధతిదో తెలుసుకోకుండా పరీక్ష మొదలుపెడితే ప్రతి ఫలితమూ తలకిందులుగా అర్థమవుతుంది.

పనిముట్టు పట్టుకోవడానికి ముందే లక్షణాలను చదవడం ద్వారా సగం దారిని విడిచిపెట్టవచ్చు. రెండు దీపాలూ, రెండు వెలుగులూ ఒకేసారి పోతే వాటికి ఉమ్మడిగా ఉన్న ఫ్యూజును, లైటు స్విచ్చును, వాటి మధ్య తీగను చూడాలి. రెండు వైపులా దూరపు వెలుగు ఉండి దగ్గరిది మాత్రమే లేకపోతే అనుమానం డిప్పర్ మీదికి పోతుంది. ఒక వైపు దీపం మాత్రమే పోతే ఆ వైపు బల్బు, కప్లర్, ఎర్త్ ఈ మూడింటిలోనే లోపం దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. అయితే ఎడమ, కుడి దీపాలకు వేర్వేరు ఫ్యూజులున్న బండ్లూ ఉన్నాయి, హెడ్‌లైటుకు ఫ్యూజే లేని పాత బండ్లూ ఉన్నాయి కనుక, ఈ తర్కాన్ని బండిని బట్టి సవరించుకోవాలి.

ఈ విద్యలో అసలు చిక్కు పూర్తిగా ఆరిపోయిన దీపంతో రాదు, ఎర్రగా, నీరసంగా వెలిగే దీపంతో వస్తుంది. బల్బును ఊడదీసి, కప్లర్‌లో మల్టీమీటరు కొనలు పెట్టి, 12 వోల్టులు కనబడగానే తీగ బాగానే ఉందని తీర్మానించడం షెడ్లలో తరచుగా జరిగే పొరపాటు. మీటరు తన కోసం తీసుకునే కరెంటు లేశమాత్రం కాబట్టి, చిలుము పట్టిన జోడింపైనా, పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలిన తీగైనా దానికి నిండు వోల్టేజినే చూపిస్తుంది. దీపం వెలిగి, 55 వాట్ల బల్బు తనకు కావలసిన దాదాపు 4.6 ఆంపియర్లను లాగడం మొదలుపెట్టినప్పుడే ఆ జోడింపు గుట్టు బయటపడుతుంది. తుంగభద్ర మీది సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా సాగే కేసీ కాలువలో తల దగ్గరి మట్టం చూసి చివరి పొలానికి నీరందుతోందని ఏ రైతూ ఒప్పుకోడు. దారి పొడవునా తూములన్నీ తెరిచిన నాడు చివరి మడిలో ఎంత పారిందన్నదే అతనికి లెక్క. హెడ్‌లైటు దగ్గరా అదే లెక్క వర్తిస్తుంది.

కాబట్టి సరైన పరీక్షకు బల్బు తన చోట వెలుగుతూ ఉండాలి. మీటరు ఒక కొనను బ్యాటరీ ధనధ్రువం మీద, రెండో కొనను కప్లర్ వెనక నుంచి బల్బుకు కరెంటు తెచ్చే పిన్ను మీద ఆనించినప్పుడు కనబడే అంకె, వచ్చే దారిలో పోగొట్టుకున్న వోల్టేజి అవుతుంది. బల్బు ఎర్త్ పిన్నుకూ రుణధ్రువానికీ మధ్య కనబడేది తిరుగుదారిలో పోయినది. ఒక్కో వైపు అర వోల్టు లోపల ఉంటే సరిపెట్టుకోవచ్చు గాని, వోల్టు దాటితే ఆ దారిలోని జోడింపులను ఒక్కొక్కటిగా ఇలాగే కొలుస్తూ దొంగను పట్టుకోవాలి. సాధారణ మీటరు నమ్మకంగా కొలవలేని 0.2 ఓముల నిరోధం కూడా, 4.6 ఆంపియర్ల దగ్గర 0.9 వోల్టులను మింగి, శనగగింజంత చోట నాలుగు వాట్లకు పైగా వేడిని పుట్టించి, కప్లర్‌ను గోధుమరంగుకు మార్చి కరిగిస్తుంది. వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు పదో వంతే తగ్గదు, దాదాపు 30 శాతం తగ్గిపోతుంది. చూపు ఆనే దూరం అంతగా తగ్గడానికి కారణం ఇదే.

వచ్చే దారిని శ్రద్ధగా చూసేవారు కూడా తిరుగుదారిని మరచిపోతుంటారు. మహానంది కోనేటిలో మట్టం ఏడాది పొడవునా నిలకడగా ఉండేది, ఊట ఎంత వస్తోందో అంత నీరూ తోటల వైపు పోవడానికి దారి తెరిచి ఉన్నందువల్లే. బల్బులోకి వచ్చిన కరెంటుకూ పోయే దారి అంతే అవసరం. ఎర్త్ బోల్టు కింద తుప్పు పేరుకుని ఆ దారి మూసుకుపోతే కరెంటు పక్కదారులు వెదుకుతుంది. ధన వైపున స్విచ్చు ఉన్న కారులో ఎడమ దీపానికి ఎర్త్ పోయిందనుకుంటే, దగ్గరి వెలుగు వేసినప్పుడు కరెంటు ఆ ఫిలమెంటును దాటి, అదే బల్బులోని దూరపు వెలుగు ఫిలమెంటు గుండా వెనక్కి పోయి, తీగ వెంట కుడి దీపానికి చేరి, అక్కడి ఎర్త్‌లో కలుస్తుంది. అందుచేత ఎడమ బల్బులో రెండు ఫిలమెంట్లూ మినుకుమంటాయి, డ్యాష్‌బోర్డు మీద దూరపు వెలుగును సూచించే నీలి దీపం వేయకుండానే లీలగా మెరుస్తుంది. ఈ వింతను చూసి వైరింగ్ మొత్తం మార్చమన్నవారున్నారు; బోల్టు విప్పి, లోహం మెరిసేదాకా ఎమరీ కాగితంతో రుద్ది, బిగించి, పైన కొంచెం పెట్రోలియం జెల్లీ పూస్తే అది మాయమవుతుంది.

ఈ సీమ వాతావరణం ఇలాంటి లోపాలను పెంచి పోషిస్తుంది. వేసవి ఎండకు తోడు ఇంజను వేడి తగిలి తీగ మీది ప్లాస్టిక్ తొడుగు మెత్తదనం పోయి పెళుసుబారి, వంపుల దగ్గర పగులుతుంది. బేతంచెర్ల, బనగానపల్లె వైపు తిరిగే బండ్లలో నాపరాతి దుమ్ము కప్లర్లలో చేరి, వాన తేమను పట్టి ఉంచి చిలుముకు చోటిస్తుంది. నెలల తరబడి కదలని కారులో ఎలుకలు తీగలు కొరుకుతాయి. వీటన్నిటికీ తోడు, రిలే లేని కార్లలో రెండు దీపాల కరెంటు, అంటే తొమ్మిది పది ఆంపియర్లు, స్విచ్చులోని చిన్న స్పర్శల మీదుగానే పోతూ ఏళ్ల తరబడి వాటిని కాలుస్తుంది. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే విద్యుదయస్కాంత స్విచ్చు. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా మందపాటి తీగను దాని 30వ పిన్నుకు తెచ్చి, 87 నుంచి బల్బుకు ఇచ్చి, పాత స్విచ్చుకు 85, 86 పిన్నుల మధ్య చుట్టను నడిపే పని మాత్రమే వదిలితే, స్విచ్చు బతుకుతుంది, దీపానికి నిండు వోల్టేజి అందుతుంది.

దీనికి బదులు మసక దీపానికి 100/90 వాట్ల బల్బు వేయడం జబ్బు తెలియకుండా మందు మోతాదు పెంచడం వంటిది. అప్పటికే నలిగిన తీగ మీద బరువు ఇంకా పెరుగుతుంది, ఫ్యూజు పోతుంది, దాని చోట రాగి తీగ చుట్టిన నాడు కారుకు నిప్పంటుకోవడానికి అడ్డే ఉండదు. పైగా ఆ వెలుగు ఎదుటివారి కళ్లు చెదరగొడుతుంది. దగ్గరి వెలుగును ఎడమ అంచు వైపు కొంచెం ఎగసేలా రూపొందించింది రోడ్డంచున నడిచేవారు కనబడాలనే గనుక, మరమ్మతు ముగిశాక బండిని చదునైన చోట గోడకు 25 అడుగుల దూరంలో నిలిపి, ఆ వెలుగు పై అంచు దీపం మధ్యభాగం ఎత్తు కంటే కొంచెం కిందే ఉందో లేదో చూడటం కూడా ఈ పనిలో భాగమే.

అనుభవం ఉన్న ఎలక్ట్రీషియన్ బానెట్ మూసే ముందు ఇంకొక పని చేస్తాడు: ఇంజను నడుస్తుండగా పది నిమిషాలు దీపాలు వెలగనిచ్చి, తాను ముట్టుకున్న ప్రతి జోడింపునూ, కప్లర్‌నూ, ఎర్త్ బోల్టునూ వేలితో తాకి చూస్తాడు. ఎక్కడైనా వేడి తగిలితే, రోడ్డు మీద పడవలసిన వెలుగు అక్కడ ఖర్చవుతోందని గ్రహించి మళ్లీ విప్పుతాడు. ఆ పది నిమిషాలకు బిల్లులో చోటుండదు, కారు యజమానికి వాటి సంగతి తెలియదు; ఆ రాత్రి గాజులపల్లె దారిలో ఎడమ అంచున నడిచిపోయే మనిషికి అసలే తెలియదు.