ఒత్తు విరగని పోస్టరు

గ్రాఫిక్, వెబ్ డిజైన్ నేర్చుకునే విద్యార్థికి క్లాసులో ఇచ్చే ప్రాజెక్టులు ఎక్కడైనా ఇంచుమించు ఒకే వరసలో వస్తాయి. ముందు లోగో, తర్వాత పోస్టరు, ఆపైన మడత బ్రోషరు, చివరికి నాలుగైదు పేజీల వెబ్‌సైటు. అండమాన్ నికోబార్ దీవుల్లోనూ వరస అదే. ఇక్కడి బడులు సీబీఎస్‌ఈ పాఠాలు చెబుతాయి కనుక కంప్యూటర్ అప్లికేషన్స్ తీసుకున్న పిల్లలు పదో తరగతికల్లా హెచ్‌టీఎంఎల్ రుచి చూస్తారు. ఐటీఐలో ఏడాది పాటు కోపా (కంప్యూటర్ ఆపరేటర్) ట్రేడ్ చదివేవాళ్లూ వెబ్ పేజీ కట్టడం నేర్చుకుంటారు. తేడా వచ్చేది ప్రాజెక్టులో నింపే సరుకు దగ్గర. 2011 జనాభా లెక్కల్లో దీవుల జనం 3.8 లక్షలు. వాళ్లలో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్లు నూటికి 13 మంది. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో స్థానం తెలుగుది. ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకీ, కూలి పనులకీ వచ్చి నిలిచిపోయిన కుటుంబాలు వీరిలో చాలా ఉన్నాయి. ఇంట్లో శ్రీకాకుళం యాస, బజారులో హిందీ, పుస్తకంలో ఇంగ్లిష్. విద్యార్థి చేసే పోస్టరు ఈ మూడింటినీ మోయాలి.

లోగో దగ్గర దీవుల విద్యార్థి సాధారణంగా చేసే పొరపాటు ఒకటుంది. కొబ్బరిచెట్టు, అల, పడవ, అస్తమించే సూర్యుడు, నాలుగూ ఒకే గుండ్రంలో ఇరికించడం. తెరమీద అరచేయంత ఉన్నప్పుడు ముచ్చటగానే ఉంటుంది. బ్రౌజర్ ట్యాబ్ మీద 16 పిక్సెళ్లకు కుదిస్తే నీలం మరక మిగులుతుంది. రబ్బరు స్టాంపుగా ఒకే రంగులో కొట్టి చూస్తే పడవ కనపడదు, అల కూడా కనపడదు. దూరదర్శన్ గుర్తు ఇన్నేళ్లుగా నిలిచిందంటే కారణం అది రెండు వంపులు, ఒక గుండ్రం కావడమే. దాన్ని గీసిన దేవాశిష్ భట్టాచార్య అప్పటికి అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో విద్యార్థి. సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేదన్నది సాకుగా చెల్లదు. గీతల బొమ్మకు ఇంక్‌స్కేప్, ఫొటో దిద్దడానికి జింప్ ఉచితంగా దొరుకుతాయి. ఆ జింప్ కూడా 1995లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు క్లాసు ప్రాజెక్టుగా మొదలుపెట్టిందే.

అసలు పరీక్ష పోస్టరుతో మొదలవుతుంది. చాతం జెట్టీ నుంచి బాంబూఫ్లాట్‌కు వెళ్లే పడవ వేళల్ని హిందీ, ఇంగ్లిష్, తెలుగు మూడింటిలో చూపే ఏ3 పోస్టరు ప్రాజెక్టుగా వచ్చిందనుకుంటే, అందులో తెలుగు వాక్యం ఒక్కటి చాలు విద్యార్థిని రాత్రంతా కూర్చోబెట్టడానికి: ‘స్త్రీలకు ప్రత్యేక క్యూ’. చూసే కంటికి ‘స్త్రీ’ ఒక్కటే అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు కోడ్‌లు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈ గుడి. వాటిని కలిపి ఒక రూపంగా నిలబెట్టే పని ఫాంటూ సాఫ్ట్‌వేరూ కలిసి చేయాలి. ఫొటోషాప్‌లో దక్షిణాసియా భాషలకు పనికొచ్చే కంపోజర్‌ను ఎంచుకోకపోతే స, త, ర మూడూ పొల్లులతో విడివిడిగా నిలబడతాయి. తెలుగు రాని మాస్టారుకు అందులో తప్పేమీ కనిపించదు, మార్కులూ పడతాయి. జెట్టీలో నిలబడ్డ ముసలమ్మ మాత్రం చదవలేదు.

ఒత్తు నిలబడ్డాక దాని చోటు సంగతి. దేవనాగరి లిపి తలమీద అడ్డగీతకు వేలాడుతుంది, ఇంగ్లిష్ పెద్దక్షరాలు గీతమీద నిలబడతాయి, తెలుగు కిందికి దిగుతుంది. ఇంగ్లిష్‌కు సరిపోయిన వరసల ఎడం తెలుగుకు పెడితే పై వరస ఒత్తు వచ్చి కింది వరస గుడిని ఢీకొంటుంది. వెబ్‌లో లైన్ హైట్ 1.2 ఉన్నచోట తెలుగుకు 1.6 దాకా ఇవ్వక తప్పదు. పాయింట్ల లెక్క కూడా అంతే. చాలా తెలుగు ఫాంట్లు అదే పాయింటు సైజులో ఇంగ్లిష్ పక్కన చిన్నగా కనిపిస్తాయి కనుక కొలబద్దను పక్కనపెట్టి కంటితో సరిచూసుకోవాలి. శీర్షికకు రామభద్ర, కింద పాఠానికి మండలి వంటి ఫాంట్లు చక్కగా కుదురుతాయి. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించగా సిలికానాంధ్ర విడుదల చేసిన ఈ రెండూ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టించిన తెలుగు అచ్చుకు బాగుంటుంది గానీ, దాన్నే తెచ్చి వెబ్ పేజీలో అతికిస్తే ఇంగ్లిష్ గుర్తుల గందరగోళమే మిగులుతుంది. అది యూనికోడ్ కాదు మరి.

రంగు మరో చిక్కు. రాధానగర్ బీచ్ ఫొటోలోని ఆకుపచ్చ నీలాన్ని వెనకాల పరిచి, పైన తెల్ల అక్షరాలు వేయడమంటే అందరికీ ఇష్టం. మామూలు సైజు అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కనీసం 4.5:1 వ్యత్యాసం ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. లేత నీటిమీద తెలుపు ఆ దరిదాపులకు రాదు, ఎర్రటి ఎండలో అసలే ఆనదు. పైగా తెర మీద మెరిసే ఆ నీలం ప్రెస్సులో వాడే నాలుగు సిరాలకు అందదు. ప్రింటు చేతికొచ్చాక సముద్రం వెలిసిపోయిందని బాధపడని విద్యార్థి అరుదు.

బ్రోషరులో కొత్తగా నేర్చుకునేది కొంచెమే. అంచుల వెంట 3 మిల్లీమీటర్ల బ్లీడ్ వదలడం, ఫొటోలు 300 డీపీఐలో ఉంచడం, మడత మీద ముఖాలు రాకుండా చూసుకోవడం.

బొమ్మల ఎంపికకు మాత్రం దీవుల్లో చట్టం కూడా అడ్డు నిలుస్తుంది. జరావా తెగవారి ఫొటోలు, వీడియోలు తీయడం ఇక్కడ నేరం. ఆదిమ జాతుల రక్షణకు 1956 నుంచే ప్రత్యేక రెగ్యులేషన్ ఉంది. ఎవరో తీసిన బొమ్మ నెట్‌లో దొరికినంత మాత్రాన ‘మా దీవుల సంస్కృతి’ అని ప్రాజెక్టులో అతికించడం తప్పే. సెల్యులార్ జైలు బొమ్మకు ఆ ఇబ్బంది లేదు గానీ దానికీ జాగ్రత్త కావాలి. 1906లో పూర్తయిన ఆ జైలుకు నడిమి బురుజు చుట్టూ ఏడు రెక్కలు ఉండేవి, నేడు మిగిలినవి మూడే. ఏడు రెక్కల నక్షా గీసి కింద ‘నేటి జైలు’ అని రాస్తే బొమ్మ ఎంత అందంగా ఉన్నా అబద్ధమే.

వెబ్‌సైటు దగ్గర బరువు ప్రశ్న వస్తుంది. చెన్నై నుంచి సముద్రగర్భంలో వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యేదాకా దీవుల ఇంటర్నెట్ ఉపగ్రహం మీదే ఆధారపడింది. ఆ కేబులే కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ వంటి మరో ఏడు దీవుల్ని కూడా కలిపింది. అయినా పడవలో కూర్చున్న మనిషి ఫోనుకు సిగ్నల్ ఎంత అందుతుందన్నది వేరే లెక్క. ఫోన్ కెమెరా ఫొటోలు ఒక్కోటి 4 ఎంబీ చొప్పున పది పెడితే పేజీ 40 ఎంబీ. సెకనుకు 2 మెగాబిట్ల వేగంలో అది తెరుచుకోవడానికి 2 నిమిషాల 40 సెకన్లు పడుతుంది, ఈలోగా అవతలి ఒడ్డు కనపడుతూనే ఉంటుంది. అవే ఫొటోల్ని 150 కేబీ చొప్పున కుదిస్తే 6 సెకన్లు.

అక్షరాల్ని బొమ్మలో కలిపేసి పెట్టే అలవాటును ఊళ్ల పేర్లే వదిలించాయి. 2018 డిసెంబరులో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్, నీల్ శహీద్ ద్వీప్, రాస్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయ్యాయి. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. పేరు జేపీజీలో ఉన్న సైటుకు బ్యానర్ నుంచి మ్యాపు దాకా మళ్లీ గీయాల్సి వచ్చింది. హెచ్‌టీఎంఎల్‌లో రాసిన సైటుకు ఒక్క ఫైండ్ అండ్ రీప్లేస్‌తో సరి.

మిగిలింది అప్పగింత. పేజీ తలలో యూటీఎఫ్-8 అని చెప్పి, భాష తెలుగు అని గుర్తు పెట్టి, ఫైళ్ల పేర్లన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చుకోవాలి. ల్యాబులోని విండోస్ కంప్యూటర్ పెద్ద ‘జే’కీ చిన్న ‘జే’కీ తేడా చూడదు, అన్ని బొమ్మలూ వస్తాయి. లినక్స్ సర్వర్ తేడా చూస్తుంది. ల్యాబులో కళకళలాడిన సైటు వైవా రోజున ఆన్‌లైన్‌లో తెరిస్తే, సముద్రం ఉండాల్సిన చోట విరిగిన బొమ్మ గుర్తు కనపడుతుంది.